కాజా అటాచ్‌మెంట్ కొనే ముందు మీ మిషన్‌ను కొలవండి

కుట్టు ముచ్చట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా కాజాల గురించే వచ్చాయి. బడులు తెరిచే రోజులు దగ్గరపడితే ఎప్పుడూ ఇంతే. చొక్కా కుట్టడం వచ్చిన వాళ్ళు కూడా కాజాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. అందుకే ఈసారి బ్లౌజు కటింగ్ ప్రశ్నలను వచ్చే నెలకు జరిపి, వీటికే జవాబులు రాస్తున్నాను.

మా అత్తమ్మ వాడిన నల్ల కాలి మిషన్ ఇంట్లో ఉంది. బాగానే కుడుతుంది కానీ దాని మీద పేరు పూర్తిగా చెరిగిపోయింది. కాజా అటాచ్‌మెంట్ కొందామని షాపుకు పోతే "ఏ మోడల్?" అని అడిగారు. మోడల్ తెలియకుండా ఎట్లా కొనాలి?
*ఒక సోదరి, పరకాల*

చెల్లె, పేరు చెరిగిపోతే దిగులు పడకు. కాజా అటాచ్‌మెంట్ అంటే బట్టను నొక్కి పట్టే ఫుట్‌ను తీసి దాని చోట బిగించే, కాజాలు కుట్టే పరికరం. దానికి మిషన్ పేరుతో పని లేదు, ముందు చూడాల్సింది ఎత్తు.

ఫుట్‌ను బిగించే చేతి స్క్రూ ఉంటుంది కదా, సూదికి వెనక నిలువుగా దిగే కడ్డీకి. నువ్వు కొలవాల్సింది అక్కడ. ముందు బట్ట తీసేయి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, బట్టను నెట్టే పళ్ళు ప్లేటు కిందికి దిగేలా చూడు. పళ్ళు పైకి ఉంటే ఫుట్ వాటి మీద కూర్చుని కొలత తప్పొస్తుంది. ఇప్పుడు ఫుట్ దించి, సూది ప్లేటు నుంచి ఆ స్క్రూ నడిమి దాకా స్కేలుతో కొలువు. టేపు వంగుతుంది, స్కేలే పెట్టు.

అర ఇంచు నుంచి ముప్పావు ఇంచు దాకా వస్తే నీ మిషన్‌ది "లో షాంక్", అంటే ఫుట్ బిగించే చోటు తక్కువ ఎత్తులో ఉన్న రకం. ఇంచు గానీ, ఇంచుంబావు గానీ వస్తే "హై షాంక్", ఎక్కువ ఎత్తు రకం. మన ఇళ్ళలో ఉన్న నల్ల మిషన్లు చాలామటుకు సింగర్ 15 రకం పద్ధతిలో చేసినవే. ఉషా వాళ్ళ పాత నల్ల మిషన్లు, లుధియానాలో తయారైనవి, యుద్ధం తర్వాత జపాన్‌లో చేసినవి కూడా ఆ కుదురులోవే. అవి లో షాంకే. దర్జీ దుకాణాల్లో రోజంతా నడిచే బరువైన మిషన్లలో మాత్రం హై షాంక్ ఎక్కువ. అయినా "ఎక్కువ" అన్న మాట మీద డబ్బు పెట్టొద్దు, కొలిచిన తర్వాతే పెట్టు.

కొలత కలిసినా పని సగమే అయినట్టు. అటాచ్‌మెంట్ కుడి పక్కన చీలిన చేయి ఒకటి ఉంటుంది, పంగలకర్ర లాగా. సూదిని బిగించే స్క్రూ ఆ చీలిక నడుమ కూర్చోవాలి. సూది పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆ స్క్రూ చేతిని లేపుతుంది, దించుతుంది. ఆ కదలికకే లోపలి పళ్ళ చక్రం ఒక్కొక్క పన్ను తిరిగి, బట్టను కుడికీ ఎడమకూ, ముందుకూ వెనక్కూ జరుపుతుంది. అంటే కాజాను సూది కుట్టదు, బట్ట తిరుగుతూ కుట్టించుకుంటుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ నీకు నువ్వే కనిపెట్టుకుంటావు.

ఈ చేయి విషయం నేను కష్టపడి నేర్చుకున్నాను. మా నాన్న వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో మొదలైన ఆ మిల్లు మూతపడ్డాక మా ఇల్లు అమ్మ మిషన్ మీదే నడిచింది. ఒక ఏడాది బడి చొక్కాలు నలభై ఒప్పుకున్నాం, ఒక్కోదానికి ఆరు కాజాలు. చేత్తో వేయలేమని నేను ఒక దుకాణంలో అటాచ్‌మెంట్ కొన్నాను. "అన్ని మిషన్లకూ పడుతుంది" అన్నారు. ఇంటికి తెచ్చి బిగిస్తే స్క్రూ దగ్గర బాగానే పట్టింది. కానీ ఆ చేయి సూది స్క్రూ మీదికి రాలేదు, టేపు మీద ఒక చిన్న గీతంత పైన ఆగింది. నేను చేయిని కిందికి వంచి బలవంతంగా తొక్కాను. మూడో కుట్టుకు సూది విరిగి ముక్క నా చెంపకు తగిలింది. కంటికి తగలనందుకు అమ్మ దేవునికి దండం పెట్టింది. వాపసు తీసుకోమంటే దుకాణంలో ఒప్పుకోలేదు. ఆ రాత్రి గిర్మాజీపేటలో మా గడప మీద బల్బు కింద ముగ్గురం కూర్చుని రెండు వందల నలభై కాజాలూ చేత్తోనే మొదలుపెట్టాం. మూడో రోజుకు గానీ పూర్తి కాలేదు. అమ్మ కుడిచేతి చూపుడువేలు చివర సూది మొద్దు గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడింది, తర్వాత ఎన్నేళ్ళయినా ఆ గట్టిదనం పోలేదు.

కాబట్టి చెల్లె, వీలైతే మిషన్ తలను మోసుకుని షాపుకే పో. లేదంటే అటాచ్‌మెంట్ ఇంటికి తెచ్చి చూసుకుని వాపసు ఇవ్వొచ్చని ముందే మాట తీసుకో. బిగించిన తర్వాత దారం పెట్టకుండా, బట్ట పెట్టకుండా చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పు. ఎక్కడైనా తగిలినట్టు, బిగిసినట్టు చేతికి తెలిస్తే ఆపేయి. కాలు పెట్టేది ఆ తర్వాతే.

మా ఆయన దుబాయిలో పాత సామాన్ల బజారులో సింగర్ కాజా అటాచ్‌మెంట్ కొని పంపించారు. డబ్బా, అచ్చులు (కాజా పొడవును బట్టి మార్చి పెట్టుకునే బిళ్ళలు) అన్నీ ఉన్నాయి. మా దగ్గర ఉన్నది పాత నల్ల మిషన్. ఎంత చేసినా సరిగ్గా కూర్చోవడం లేదు, వంకరగా నిలబడుతోంది. డబ్బా మీద 160743 అని ఉంది.
*ఒక పాఠకురాలు, జగిత్యాల*

అమ్మా, తప్పు మీది కాదు, మిషన్‌ది కూడా కాదు. ఆ నంబరే సంగతి చెబుతోంది. 160743 అనేది వాలు షాంక్ మిషన్ల కోసం చేసింది. సింగర్ వాళ్ళు 301 అనే మిషన్‌తో సూదినీ ఫుట్ కడ్డీనీ కొంచెం ఏటవాలుగా పెట్టడం మొదలుపెట్టారు, కుట్టేవాళ్ళకు సూది ముందు జాగా బాగా కనపడాలని. ఆ తర్వాత వచ్చిన 401, 500 కూడా అదే వాలు. మీ నల్ల మిషన్‌లో కడ్డీ నిటారుగా దిగుతుంది. వాలు కోసం చేసినది నిటారు దానికి బిగిస్తే వంకరగా నిలబడక తప్పదు. ఏ మేస్త్రీ అయినా "కొంచెం అరగదీస్తే సరిపోతుంది" అంటే ఒప్పుకోకండి. మంచి వస్తువు పాడవుతుంది, మీ పనీ కాదు.

మీ మిషన్‌కు కావాల్సింది దాని తోబుట్టువు, 160506. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, లోపలి పని కూడా ఒకటే. అందుకే డబ్బా చూసి కొంటే మోసపోతాం. గుడ్డు ఆకారం ప్లాస్టిక్ డబ్బాలో వచ్చిన తర్వాతి రకంలో కూడా ఇలాగే జంట ఉంది: 489500 వాలుకు, 489510 నిటారు లో షాంక్‌కు. ఇంకా పాతది 121795. దానికి అచ్చులు ఉండవు, కాజా పొడవునూ కుట్టు వెడల్పునూ మీటలతో సరిచేసుకోవాలి. అది కూడా నిటారు లో షాంక్‌దే. ఈ నంబర్లను ఒక కాగితం మీద రాసి మీ ఆయనకు ఫోన్‌లో పంపండి. మళ్ళీ ఆ బజారుకు పోయినప్పుడు ముందు నంబరే చూడమనండి.

మీ దగ్గర ఉన్నదాన్ని పారేయొద్దు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వాలు సింగర్ తెచ్చుకున్న వాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు, వాళ్ళకు ఇది బంగారం. అమెరికా మిషన్ అయితే మాత్రం ఒక జాగ్రత్త చెప్పండి. వాటి మోటారు 110 వోల్టులది. మన కరెంటులో నేరుగా పెడితే కాలిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి.

సూది ప్లేటుకు నాకు చిన్న గుండ్రటి రంధ్రమే ఉంది. జిగ్‌జాగ్ మిషన్లకు ఉన్నట్టు పొడుగు రంధ్రం ఉన్న ప్లేటు మార్చాలా?
*హనుమకొండ*

వద్దు. పైన చెప్పినట్టు ఇక్కడ పక్కలకు జరిగేది బట్ట, సూది కాదు. సూది ఉన్నచోటే దిగుతుంది, కాబట్టి చిన్న రంధ్రమే మంచిది, పల్చటి బట్ట లోపలికి పోదు. ఒకవేళ మీది జిగ్‌జాగ్ మిషనే అయితే దాన్ని సాదా కుట్టుకు తిప్పి, సూది నడుమ ఉండేలా చూసుకుని అప్పుడు అటాచ్‌మెంట్ పెట్టండి.

తాతగారి కాలం నాటి సింగర్ చేతి మిషన్ మాది. షటిల్ (కింది దారం ఉండేది) పొడుగ్గా పడవలాగా ఉంటుంది. కింద చిన్న పలక మీద 28కె అని ఉంది. ఇంత పాత దానికి కూడా కాజా అటాచ్‌మెంట్ పడుతుందా? అమ్మేయమని అందరూ అంటున్నారు.
*ఒక పాఠకుడు, జనగామ*

తమ్మీ, అమ్మొద్దు. పడుతుంది.

28 తర్వాత ఉన్న "కె" అంటే ఆ మిషన్ స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గర కిల్‌బోవీ ఫ్యాక్టరీలో తయారైందని. 1885లో తెరిచిన ఆ ఫ్యాక్టరీని 1980లో మూసేశారు. ఫ్యాక్టరీ పోయింది కానీ మీ తాతగారి మిషన్ ఇంకా కుడుతోంది. సీరియల్ నంబరు ముందు ఇంగ్లీషు అక్షరం ఉందో లేదో చూడు. అక్షరం ఉంటే అది 1900 నుంచి ఇటు వచ్చింది.

షటిల్ పడవలా ఉన్నా, గుండ్రంగా ఉన్నా అటాచ్‌మెంట్‌కు తేడా లేదు. పై పక్క ఎత్తు "లో షాంక్" కొలతే. చిక్కు కింద ఉంది. కాజా కుట్టేటప్పుడు బట్టను నెట్టేది అటాచ్‌మెంట్ ఒక్కటే కావాలి. మిషన్ పళ్ళు కూడా నెడితే రెండూ పోట్లాడుకుని కాజా వంకర పోతుంది. కొన్ని మిషన్లలో పళ్ళను దించుకునే వీలు ఉంటుంది. సింగర్ 201లో అయితే తల కింద ఒక స్క్రూ ఉంటుంది. నీ 28లో అట్లాంటిది లేదు, అందుకే పళ్ళ మీద కప్పే రేకు కావాలి. అటాచ్‌మెంట్ డబ్బాలో ఒక రేకు వస్తుంది. అది చాలాసార్లు 15 లాంటి మిషన్ల స్క్రూ రంధ్రానికి సరిపోయేలా చేసి ఉంటుంది. పడవ షటిల్ మిషన్‌కు పక్కల జారే పలకలు ఉంటాయి కాబట్టి ఆ రేకు రంధ్రం కలవకపోవచ్చు. కొనేటప్పుడు అటాచ్‌మెంట్ ఒక్కదాన్నే కాదు, రేకును కూడా నీ మిషన్ మీద పెట్టి చూడు.

రేకు కలవకపోతే నేను చేసే పని ఇది. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను పళ్ళు మునిగేంత కత్తిరిస్తాను. సూది దిగే చోట వేడి చేసిన దబ్బనంతో గుండ్రటి రంధ్రం చేసి, అంచులకు టేపు వేసి ప్లేటుకు అతికిస్తాను. కుట్టు పొడవును వీలైనంత సున్నాకు తెస్తాను. నాలుగైదు చొక్కాలకు ఒక ముక్క ఆగుతుంది. పళ్ళు కింద నుంచి గీరి గీరి ఫిల్ము మీద నాలుగు తెల్ల గీతలు పడతాయి, అవి లోతుగా కనపడితే ముక్క మార్చాలని గుర్తు.

చేతి మిషన్ కదా, ఒక చెయ్యి పిడి మీదే ఉంటుంది, బట్ట ఎట్లా పట్టుకోవాలని అనుమానం రావొచ్చు. బట్టను గట్టిగా పట్టుకోనే కూడదు. అటాచ్‌మెంట్ తీసుకుపోయిన చోటికి పోనివ్వాలి. ఎడమ అరచేతిని బరువు పడకుండా బట్ట మీద ఆనించి ఉంచితే చాలు. నిజానికి చేతి మిషన్ మీదే కాజాలు తీరుగా వస్తాయని నా అనుభవం, ఎందుకంటే తొందరపడటానికి వీలుండదు.

అటాచ్‌మెంట్ కొలత కలిసింది, రేకు కూడా బిగించాం. కానీ కాజా సగం అయ్యాక కదలకుండా అక్కడే కుడుతోంది. దారం ముద్ద కడుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది, చొక్కా పాడైంది.
*హుజూరాబాద్*

అక్కా, ఏళ్ళ తరబడి డబ్బాలో పడి ఉన్నదానికి వచ్చే రోగమే ఇది. లోపలి పాత నూనె, గ్రీజు గట్టిపడి పళ్ళ చక్రాన్ని పట్టేస్తుంది. కొంతమంది ఇళ్ళలో కొబ్బరినూనె వేస్తారు. అది వేసిన రోజు బాగానే తిరుగుతుంది, నెల తర్వాత బంక అవుతుంది. ఎప్పుడూ వేయకండి.

అటాచ్‌మెంట్ అడుగున ఉన్న మూత రేకు తీయండి, అచ్చు కూడా తీసేయండి. గ్యాస్‌నూనెలో ముంచిన పాత బ్రష్షుతో ప్రతి పన్నునూ రుద్దండి. గంటసేపు వదిలేసి, పొడి బట్టతో తుడిచి, మళ్ళీ ఒకసారి రుద్దండి. నల్లటి మడ్డి రావడం ఆగాక బాగా ఆరనిచ్చి, కదిలే చోటల్లా మిషన్ నూనె ఒక్కొక్క చుక్క. అంతకంటే ఎక్కువ వేస్తే తెల్ల చొక్కా మీద మరక పడుతుంది. తర్వాత దాన్ని చేతిలోనే పట్టుకుని చీలిక చేయిని వేలితో పైకీ కిందికీ ఆడించండి. ప్రతి ఆటకూ ఒకే రకం "టిక్కు" వినపడాలి. ఒక చోట శబ్దం మింగినట్టయితే అక్కడ పన్ను అరిగిందో, మురికి మిగిలిందో చూసుకోండి.

దారం ముద్ద కట్టడానికి కారణం వేరే కూడా ఉండొచ్చు. మొదలుపెట్టేటప్పుడు కింది దారాన్ని పైకి లాగి, రెండు దారాలనూ వేళ్ళతో పట్టుకుని నాలుగు కుట్లు పడ్డాక వదలండి. పై దారం బిగువు ఒక్క చుట్టు తగ్గించండి, ముడి కింది వైపు పడి పైన కాజా నున్నగా కనపడుతుంది. బట్ట పల్చనైతే పట్టీ లోపల బక్రం ఉండాల్సిందే. ఇవన్నీ అదే బట్ట, అదే బక్రం మడతలు పెట్టిన ముక్క మీద చేసి చూశాకే చొక్కా పెట్టండి. కాలి మిషన్ అయితే ఇంకో మాట: కాలు జారి చక్రం వెనక్కి తిరిగిందంటే దారం తెగుతుంది, లెక్క తప్పుతుంది. తెగితే అక్కడి నుంచే కొనసాగించకుండా విప్పి మళ్ళీ మొదటి నుంచి కుట్టండి.

మా ఊర్లోనే కాజా మిషన్ పెట్టుకున్న వాళ్ళు ఉన్నారు, ఇచ్చిన గంటలో వేసిస్తారు. అలాంటప్పుడు ఈ అటాచ్‌మెంట్ల తిప్పలు దేనికి? ఒకవేళ కొంటే గుండీకి ఏ అచ్చు వాడాలో ఎట్లా తెలుస్తుంది?
*ఒక సోదరి, సిరిసిల్ల*

వారానికి యాభై చొక్కాలు కుట్టేవాళ్ళయితే కాజా మిషన్ దగ్గరికే పంపండి. వాళ్ళ పనికి వాళ్ళ మిషనే సరి, అటాచ్‌మెంట్‌తో అంత పని చేస్తే మీ సమయమంతా దానికే పోతుంది. నేను చెప్పేది ఇంట్లో పిల్లల చొక్కాలు, నైటీలు, దిండు గలీబులు కుట్టుకునే వాళ్ళ గురించి. రెండు కాజాల కోసం బస్సెక్కి పోవాల్సిన ఊర్లు మనకు చాలా ఉన్నాయి. ఇంకొకటి, బయట వేసేవాళ్ళు ఒకే పొడవు పెట్టి అన్నిటికీ వేస్తారు. మీ దగ్గర అటాచ్‌మెంట్ ఉంటే మీ గుండీకి సరిపోయే కాజా వస్తుంది.

పొడవు లెక్క తేలికే. గుండీ వెడల్పుకు దాని మందం కలపాలి. అర ఇంచు గుండీ, మందం ఇంచులో ఎనిమిదో వంతు ఉంటే కాజా ఐదు ఎనిమిదో వంతులు. చొక్కా గుండీ పల్చనిది కాబట్టి తేడా తెలియదు, ఉబ్బు గుండీలకే ఇది ముఖ్యం. అనుమానంగా ఉంటే సన్నటి కాగితం పట్టీని గుండీ చుట్టూ బిగించి, గుర్తు పెట్టి, విప్పి సగానికి మడవండి. ఆ సగం పొడవే మీ కాజా. దానికి దగ్గరగా, కొంచెం పెద్దగా ఉన్న అచ్చు తీసుకోండి. చిన్నది తీసుకుంటే గుండీ పట్టదు, కుట్టిన కాజాను పొడుగు చేయడం కుదరదు.

అచ్చు పెట్టాక మర తిప్పి, బట్టను పట్టే చట్రం మీ వైపు చివరి దాకా వచ్చిందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. అన్ని కాజాలకూ అక్కడి నుంచే మొదలైతే గుర్తుల మీద వరుసగా పడతాయి. ఒక చుట్టు పూర్తయ్యాక ఆపకుండా దాని మీదే రెండో చుట్టు కూడా పోనివ్వండి. ఒక చుట్టు కాజా నాలుగు ఉతుకులకే దారాలు లేస్తుంది.

కోసేటప్పుడు రెండు చివర్లా గుండుసూది అడ్డంగా గుచ్చండి. ఒక చివర నుంచి నడుమ దాకా కోసి, బట్ట తిప్పి రెండో చివర నుంచి మళ్ళీ నడుమకు రండి. బ్లేడు జారినా గుండుసూది దగ్గర ఆగుతుంది, చివర కుట్టు తెగదు.